ఇక ఎక్కడుందాం?

పార్సిప్పనీలో మా ఇంటికి మెట్లు పదమూడు. పడకగది పైన, బట్టలుతికే మెషీను బేస్‌మెంట్‌లో. కొన్న రోజుల్లో ఆ మెట్లు మా కంటికే ఆనలేదు. పోయిన చలికాలం మాలో ఒకరికి మోకాలి ఆపరేషన్ అయ్యాక లెక్క తెలిసింది. మంచు ఎత్తడానికి మనిషిని పెట్టుకున్నాం. మెట్లెక్కడానికి పెట్టుకోలేం గదా! అంచేత మీలో చాలామంది ఇళ్ళలో జరిగే చర్చే మా యింట్లోనూ మొదలయింది.

పిల్లలు రమ్మన్నారు. వాళ్ళే మూడేళ్ళకో ఊరు మారుతున్నారు, వాళ్ళ వెనకాల మేమెక్కడ తిరగం? పోనీ ఇండియా వెళదామంటే, సోషల్ సెక్యూరిటీ డబ్బు అక్కడికీ వస్తుంది గానీ మెడికేర్ సముద్రం దాటదు.

ఇక మిగిలినవి యాభై అయిదు దాటినవాళ్ళ కాలనీలు. 1995 నాటి చట్టం ప్రకారం అలాంటి చోట మనుషులున్న ఇళ్ళలో నూటికి 80 ఇళ్ళలోనైనా 55 ఏళ్ళు నిండినవారు ఒక్కరుండాలి. ఇక్కడే న్యూజెర్సీలో రెండు చూశాం. అంతా ఒకే అంతస్తు, మంచు వాళ్ళే తీస్తారు, నెలనెలా రుసుం కట్టాలి. క్లబ్బులో బింగో ఆడుతున్నవాళ్ళు ఆప్యాయంగానే పలకరించారు. తిరిగి వస్తుంటే మాలో ఒకరన్నారు: "ఇద్దరం ఉన్నంతకాలం బాగానే ఉంటుంది." ఆ తర్వాత రూట్ 46 ఎక్కేదాకా కారులో మాటల్లేవు.

సంగతేమిటంటే, మాలో ఒకరికి కారు రాదు, ఇంకొకరికి వంట రాదు. ఇన్నేళ్ళుగా ఈ రెండు లోపాలూ ఒకదాన్నొకటి కప్పుకుంటూ వచ్చాయి. ఎప్పుడో ఒకప్పుడు ఒకటే మిగులుతుంది. అప్పుడు ఇల్లు వెతికే ఓపిక ఎవరికుంటుంది?

ఫ్లోరిడాలో ఒర్లాండోకి వాయవ్యంగా ఉన్న తవారెస్‌లో శాంతినికేతన్ అని మనవాళ్ళ కోసం కట్టిన కాలనీ ఉంది. ఇగ్గీ ఇగ్నేషియస్ అనే ఆయన మొదలుపెట్టారు; తొలి విడతలో 54 ఇళ్ళు. మన వంట చేసిపెట్టే భోజనశాల ఉంది, సాయంత్రం కబుర్లకు మనుషులున్నారు. వంట రానివారి బెంగ దాంతో తీరుతుంది. కారు రానివారికి మాత్రం మన లేక్ హయవాతే నయమేమో: నార్త్ బెవర్విక్ రోడ్డు మీద కరివేపాకూ దొరుకుతుంది, తెలుగు మాటా వినబడుతుంది.

ఒకటి మాత్రం చెప్పాలి, మేమూ పొరబడ్డాం గనుక. ఇలాంటి కాలనీ అంటే ఆసుపత్రి కాదు. మంచాన పడితే చూసుకునే మనిషి ఇంటి ధరలో రారు. మెడికేరూ రోజువారీ సేవకు ఇవ్వదు. ఆసుపత్రిలో మూడు రోజులున్నాక నర్సింగ్ హోములో చికిత్స అవసరమైతే నూరు రోజుల వరకు సాయపడుతుంది, అదీ 21వ రోజు నుంచి మన వాటాతో.

తవారెస్‌లో ఏదైనా అద్దెకు దొరికితే, ఆగస్టు ఎండల్లోనే ఓ వారం ఉండి చూద్దామనుకున్నాం. ఇద్దరం కలిసి కాదు. ఒకరం అక్కడ, ఒకరం ఇక్కడ, ఎవరి పాట్లు వారివి. కారు రానివారు ఎక్కడుండాలన్నది ఇంకా తేలలేదు. వంట రానివారు మాత్రం అన్నం వండటం నేర్చుకుంటున్నారు, నిన్న అడుగంటింది.