పూజాపేటికలో జర్మన్ బిళ్ల

పుదుచ్చేరి పాతనగరానికి ఉత్తరంగా ఉన్న ముత్తియాల్‌పేట పేరు తెలుగువాని చెవికి ముత్యాలపేటగానే వినబడుతుంది. యానాం నుంచి అల్లుడుగా వచ్చి అక్కడే స్థిరపడిన ఒక తెలుగు ఉపాధ్యాయుడు తొలినాళ్లలో ఉత్తరాలపై ఆ పేరును అలాగే వ్రాసేవారు. ఉత్తరాలు చేరుతూనే ఉండేవి గనుక దిద్దుకోవలసిన అవసరం ఆయనకు కలుగలేదు. పదవీ విరమణ తరువాత ఆయనకు నాణేల సేకరణ వ్యాపకమైంది. ఫ్రెంచి ఇండియా కాలపు ఫణాలు, దుడ్డులు, కాసులు కాగితపు సంచులలో వరుసగా పెట్టి, ఒక్కొక్కదానికి తూకం, కొలత, దొరికిన తీరు ఒక నోటుపుస్తకంలో వ్రాసుకునేవారు. వస్తువుకన్నా ఆ వ్రాతయే ముఖ్యమని ఆయన నమ్మకం. ఎక్కడిదో తెలియని నాణెం తప్పిపోయిన పిల్లవానివంటిదని తరచు అనేవారు.

ఆయన ఎరుగని వస్తువొకటి ఆ ఇంట్లోనే ముప్పది ఏండ్లకు పైగా ఉన్నది. ఒక వరలక్ష్మీ వ్రతం నాడు అత్తగారు పూజాపేటిక తెరచి, పసుపుకొమ్ములు, రూపులు, పాత వెండి రూపాయి తీసి పళ్లెంలో పెడుతున్నారు. వాటి నడుమ అరచేతిలో ఇమిడే ఒక లోహపు బిళ్ల. ముఖమంతా కుంకుమ. ఆమె దానికి కూడా బొట్టు పెట్టి కలశం పక్కన ఉంచారు. అందులో చిన్నదైనా స్పష్టంగా స్వస్తికం ఉన్నది. అది ఒక గద్ద కింద ఉన్నది. అల్లునికి ఆ రోజు భోజనం సహించలేదు.

ఆ బిళ్లకు ఇంట్లో ఒక కథ ఉన్నది. కీర్తిశేషులైన మామగారు ఫ్రెంచి సైన్యంలో పనిచేశారు. 1940 సెప్టెంబరులో గవర్నరు లూయీ బోన్వాన్ ఫ్రెంచి ఇండియాను ద గోల్ పక్షాన నిలిపిన తరువాత స్వచ్ఛందంగా చేరిన యువకులలో ఆయన ఒకరు. యుద్ధంలో ఒక జర్మన్ దొర గుండె మీదినుంచి ఈ బిళ్లను స్వయంగా పెరికి తెచ్చారని పిల్లలు, మనుమలు చెప్పుకునేవారు. ఈ తీరంలో జర్మనీ అనగానే వృద్ధులకు గుర్తుకు వచ్చేది ఎమ్డెన్ నౌక. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసుపై గుండ్లు కురిపించిన ఆ నౌక పేరు తమిళంలో గడుసువానికి మారుపేరై నిలిచిపోయింది. అటువంటి జర్మనీవాని ఎదురొమ్మున చేయి వేసిన మనిషి తమ ఇంటివాడన్న గర్వం ఆ కుటుంబానికి తక్కువది కాదు.

ఉపాధ్యాయుడు బిళ్లను అడిగి తీసుకుని భూతద్దం కింద పెట్టారు. పైన ఒక వృద్ధుని శిరస్సు. కింద రెక్కలు చాచిన గద్ద, స్వస్తికం, దానితోపాటు సుత్తి, కొడవలి. అంచున జర్మన్ అక్షరాలు, 1934 అన్న అంకె. ‘టాగ్ డెర్ ఆర్బైట్’ అంటే కార్మిక దినమని జర్మన్ చదివిన ఒక మిత్రుడు చెప్పాడు. ఆ శిరస్సు మహాకవి గేటేది. 1791లో గేయోర్గ్ ఫోర్‌స్టర్ జర్మన్‌లోకి తెచ్చిన శాకుంతలం చదివి పరవశించిన గేటే, నాజీల బిళ్ల మీద సుత్తీ కొడవళ్ల నడుమ కనిపించడం తెలుగు పండితునికి మింగుడుపడని సంగతి. అయితే చరిత్ర అంతకన్న విచిత్రమైనది. మే 1వ తేదీని జర్మనీలో వేతనంతో కూడిన సెలవుదినంగా ప్రకటించినది 1933లో హిట్లర్ ప్రభుత్వమే. ఆ మరునాడే, అంటే మే 2న, కార్మిక సంఘాల కార్యాలయాలను ఆక్రమించి నాయకులను నిర్బంధించినదీ అదే ప్రభుత్వం. తరువాతి ఏడు ఉత్సవానికి శిల్పి రిచర్డ్ క్లైన్ రూపకల్పన చేసిన బిళ్ల ఇది. లక్షల సంఖ్యలో అచ్చయింది.

ఇటువంటి బిళ్లలు ఆ రోజులలో జర్మనీలో కోకొల్లలు. ప్రతి సభకూ, ప్రతి ప్రదర్శనకూ, ప్రతి క్రీడోత్సవానికీ ఒక బిళ్ల ఉండేది. చలికాలపు సహాయనిధికి చందా వేసినవారికి లోహపువే కాక గాజువి, పింగాణివి, కొయ్యవి, కాగితపువి కూడా ఇచ్చేవారు. లూడెన్‌షైట్ వంటి పట్టణాలలోని కార్ఖానాలు వీటిమీదనే బ్రతికాయి. మన కచేరీలలో బిళ్ల బంట్రోతు ధరించే బిళ్ల అధికారానికి గుర్తు. ఈ జర్మన్ బిళ్ల అటువంటిది కాదు. ఇది ధరించినవాడు ఆ రోజు వచ్చాడనీ, చిల్లర చెల్లించాడనీ మాత్రమే దానికి అర్థం. రానివాని రొమ్ము ఖాళీగా కనబడేది. సంబరం పేర హాజరు పట్టీ వేయడం అంటే ఇదే.

ముందుగా తేలవలసినది బిళ్ల అసలుదా కాదా అన్నది. యుద్ధానంతరం సేకరణదారుల మోజు పెరిగిన కొద్దీ నకళ్లు కూడా పెరిగాయి. కొన్ని పాత అచ్చులతోనే మళ్లీ కొట్టినవి. కొన్ని అసలు బిళ్ల నుంచి ముద్ర తీసి పోతపోసినవి. ఉపాధ్యాయుడు పుస్తకాలు తెప్పించుకుని చదివారు గాని, ఆయనకు అసలు పాఠం చెప్పినవాడు పేటలోని ఒక కంసాలి. ఆ వృద్ధుడు బిళ్లను వెనక్కు తిప్పి, “ఇది అచ్చు కొట్టినదండీ, పోత కాదు” అన్నాడు. పలుచని రేకును అచ్చుల నడుమ పెట్టి బలంగా నొక్కితే ముందు ఉబ్బినదంతా వెనుక గుంటగా దిగుతుంది. గేటే ముక్కు, గద్ద ఈకలు వెనుకవైపు తలక్రిందులైన నీడలా కనబడుతున్నాయి. అంచులు కత్తితో కోసినంత పదును. పోతపోసిన దానిలో ఈకల గీతలు మెత్తబడిపోతాయి, చదునుగా ఉండవలసిన చోట సూదిమొనంత గుంటలు పడతాయి, అంచున ఆకురాయి గీతలు మిగులుతాయి.

తరువాత పిన్ను. అది బిళ్లకు టంకంతో అతికి ఉన్నది. ఇనుప సూదికి పట్టిన తుప్పు పక్కనున్న లోహంలోకి కూడా మరక దించింది. ఆమ్లంతో ఒక్క పూటలో తెప్పించిన పాతదనానికి అటువంటి వరుస ఉండదు, అన్నిచోట్లా ఒకేలా నల్లబడుతుంది. లోహం రాగి పాలు ఎక్కువైన ఇత్తడి. యుద్ధం దగ్గరపడి రాగికి కరవు వచ్చిన కొద్దీ ఇటువంటి వస్తువులకు అల్యూమినియం, తుత్తునాగం వాడుక పెరిగింది. 1934 నాటి బిళ్ల బరువైన తుత్తునాగపు పోతగా కనబడితే సందేహించవలసినదే. ఇక కుంకుమ. గద్ద ఈకల సందులలో, కిలుము కింద, కిలుము మీద, పొరలు పొరలుగా కుంకుమ పేరుకుని ఉన్నది. ఏ పుస్తకమూ చెప్పని ఈ సాక్ష్యం ఉపాధ్యాయునికి అన్నిటికన్నా బలమైనదిగా తోచింది. ఇటీవలి నకలులో కిలుము కింద దశాబ్దాల శ్రావణ శుక్రవారాలు దాగి ఉండవు గదా!

ఈ విజయంతో కొంత అహం వచ్చిందని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. 1936 బెర్లిన్ ఒలింపిక్ బిళ్ల అమ్మకానికి ఉన్నదని తెలిసి దూరప్రాంతపు వర్తకునికి సొమ్ము పంపారు. ఆ ఏడు ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించిన పోటీల జ్ఞాపకం ఇంట ఉండాలన్న ఆశ. వచ్చిన బిళ్లను కంసాలి చేతిలోకి కూడా తీసుకోలేదు. “దీని పిన్ను బంకతో అతికించారు” అన్నాడు. నోట్లను పరీక్షించే అతినీలలోహిత దీపం కింద పెడితే ఆ బంక పాలలా వెలిగింది. ఆ బిళ్ల నేటికీ ఆయన వద్ద ఉన్నది, నోటుపుస్తకంలో ‘నకలు’ అన్న శీర్షిక కింద, చెల్లించిన ధరతో సహా.

అసలు చిక్కు వేరొక చోట ఉన్నది. బిళ్ల నిజమైనదని తేలిన కొద్దీ ఇంటి కథ అబద్ధమవుతూ వచ్చింది. దొరల రొమ్ము మీద ఉండేవి పతకాలు. ఇది ఊరేగింపులో నడిచిన ఏ గుమాస్తానో పెట్టుకున్న రేకు. పైగా 1934 నాటి ఉత్సవపు బిళ్లను పదేళ్ల తరువాత యుద్ధరంగంలో ఎవరు ధరిస్తారు? సందేహం తీర్చుకోవడానికి ఉపాధ్యాయుడు మామగారి పెట్టె తెరిచారు. గుడ్డలో చుట్టి 1939-45 యుద్ధపు ఫ్రెంచి స్మారక పతకం ఉన్నది. 1946లో నెలకొల్పిన ఆ పతకపు పట్టుపట్టీకి, సేవచేసిన రంగాన్ని బట్టి చిన్న లోహపు కడ్డీలు తగిలిస్తారు. మామగారి పతకానికి ఉన్నది ‘స్వచ్ఛంద సైనికుడు’ అన్న కడ్డీ ఒక్కటే. ‘జర్మనీ’ అన్న కడ్డీ లేదు. సైనిక పుస్తకంలోని నమోదు మిగిలినది చెప్పింది. ఆయన జర్మనీలో అడుగుపెట్టినది యుద్ధం ముగిసిన తరువాత, బాడెన్-బాడెన్ కేంద్రంగా ఫ్రెంచివారు పాలించిన ఆక్రమిత మండలంలో, సామాను గిడ్డంగి కాపలాకు. కార్యాలయాలలో కాగితం విలువ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. లోహం ఎన్ని కథలైనా మోస్తుంది, నమోదు ఒక్కటే చెబుతుంది.

ఈ మాట అత్తగారికి ఎలా చెప్పాలి? ఎనభై ఏండ్ల మనిషి. భర్త శౌర్యమనుకున్నది అంగడి సరుకు, స్వస్తికమనుకున్నది లక్షల మందిని చంపినవారి గుర్తు. రెండు నెలలు ఆయన ఊరకున్నారు. ఈలోగా బిళ్ల సంగతి విని ఒక సేకరణదారు ఇంటికి వచ్చాడు. మొదట నకలన్నాడు, తరువాత ధర చెప్పాడు, లేచేముందు ఇంకొంచెం పెంచాడు. జర్మనీలో శిక్షాస్మృతి 86ఎ ప్రకారం ఆ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం నేరం, చరిత్ర, విద్య వంటి ప్రయోజనాలకు మాత్రం మినహాయింపు. మన దేశంలో ఆ నిషేధం లేదు. 1972 పురావస్తు చట్టం నూరేళ్లు నిండినవాటికే వర్తిస్తుంది గనుక 2034 దాకా ఈ బిళ్ల చట్టం దృష్టిలో పాతది కూడా కాదు. అమ్మవచ్చు, పారవేయవచ్చు, పూజించవచ్చు.

చివరికి ఒక సాయంత్రం ఆయన అత్తగారి వద్ద కూర్చుని విషయం ఎత్తారు. ముందు స్వస్తికం సంగతి చెప్పారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత దొర కథ గురించి మెల్లగా మొదలుపెట్టగానే ఆమె చేయెత్తి వారించారు.

“ఆ దొర మాట పిల్లలకోసం చెప్పినది అల్లుడుగారూ. ఆయన రెండు పెట్టెల సిగరెట్లిచ్చి కొన్నారు. నాకు అప్పుడే చెప్పారు.”

1948 జూన్‌లో కొత్త నాణెం వచ్చేదాకా పడమటి జర్మనీ మండలాలలో సిగరెట్టే చెలామణి నాణెమన్నది ఆయన చదివినదే. ఇంత చవకగా ఇంటికి వస్తుందని తలచలేదు.

“మరి దీనినే ఎందుకు కొన్నారు?”

“సుత్తీ కొడవలీ చూసి. వారి నాయనగారు మిల్లులో పనిచేసేవారు గదా. కాల్పులనాడు ఆయన కూడా అక్కడే ఉన్నారు.”

1936 జూలై 30న పుదుచ్చేరిలో ఎనిమిది గంటల పనిదినం కోసం సమ్మెచేసిన మిల్లు కార్మికులపై ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరిపి 12 మందిని చంపిన సంగతి ఆమెకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. పరాయి దేశపు సంతలో పనిముట్ల గుర్తు చూసి ఆ కార్మికుని కొడుకు చేయి చాచాడు. ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెడితే ఆమె కంటికి స్వస్తికం కనిపించింది. ఆ బిళ్ల తీయించినవారి ఉద్దేశం ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

ఆమె లేచి పూజాపేటిక తెరిచి బిళ్ల తీశారు. అలవాటుగా చీరచెంగుతో తుడవబోయారు. “అత్తయ్యగారూ, తుడవకండి” అని ఉపాధ్యాయుడు కంగారుగా అనడంతో ఆగి, అలాగే ఆయన చేతిలో పెట్టారు. బిళ్ల ఉన్న చోట ఒక పసుపుకొమ్ము పెట్టి మూత వేశారు.

సముద్రపు గాలికి, ప్లాస్టిక్ సంచుల ఆవిరికి ఇత్తడి త్వరగా చెడుతుంది గనుక ఆయన దానిని కాగితపు కవరులో పెట్టారు. ఆ రాత్రి నోటుపుస్తకంలో వ్రాసినది ఇది: ‘కార్మిక దినపు బిళ్ల, జర్మనీ, 1934. అచ్చు కొట్టినది, అసలు. ఫ్రెంచి మండలంలో రెండు పెట్టెల సిగరెట్లకు కొన్నది. కిలుము పొరలలో కుంకుమ, ముత్తియాల్‌పేట. శుభ్రపరచరాదు.’