ఓడ మీంచి మా ఊరు

సినిమాల్లో ఓడ ప్రయాణం అంటే తెల్లప్యాంటు హీరో, రెయిలింగు పట్టుకున్న హీరోయిన్, వెనకాల వయొలిన్లు! నేనెక్కిన ఓడలో అవేవీ కనబళ్ళేదు గానీ, ఈతకొలను, కాసినో, పొద్దస్తమానం తిండి మాత్రం ఉన్నాయి. 2025 జూలైలో చెన్నై నుంచి విశాఖ మీదుగా పుదుచ్చేరి వెళ్ళిన ఎంప్రెస్ అది. 1990లో తయారైన ఓడ, పదకొండు అంతస్తులు. విశాఖ రేవుకి మొదటిసారి వచ్చింది 2022 జూన్‌లో.

మా సొంతూరు నక్కపల్లి. విశాఖ నుంచి తుని బస్సెక్కితే రెండు గంటలు. అందుకని విశాఖ చేరేరోజు తెల్లవారుజామునే లేచి, డెక్కు మీద ఎడమపక్కన నిలబడ్డాను, ఉపమాక కొండైనా కనిపిస్తుందేమోనని. చేపల పడవల దీపాలు నాలుగు కనిపించాయి. అంతే.

తెల్లారాక డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి హార్బరులోకి వచ్చాం. అక్కడి క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. సుమారు 96 కోట్లు పెట్టి కట్టారు. సాయంత్రం ఆరుకల్లా మళ్ళీ ఓడలో ఉండాలన్నారు. తోటి ప్రయాణికులు టూరిస్టు బస్సులెక్కి, మధ్యాహ్నం లోపల అయిదు చోట్లు చూడాలని పరుగెత్తారు. నాకా తొందర లేదు. గేటు బయట మా అమ్మ నిలబడి ఉంది, చేతిలో కేరేజీతో.

నాన్న ఉన్న రోజుల్లో ఏడాదికోసారి మమ్మల్ని విశాఖ తీసుకొచ్చేవాడు. జగదాంబలో సినిమా, తర్వాత బీచి. (ఆ జంక్షనుకి పేరిచ్చింది సినిమా హాలే.) దూరాన లంగరేసిన ఓడల్ని చూపించి, “ఒకసారైనా ఎక్కాలే” అనేవాడు అమ్మతో. మూడేళ్ళయింది ఆయన పోయి. టిక్కెట్టు ఉన్నవాళ్ళని తప్ప లోపలికి రానివ్వరని నాకు తెలుసు. అయినా గేటు దగ్గర అడిగి చూశాను. కుదరదన్నారు.

“పోన్లేరా, ఆకలేస్తందా?” అంది అమ్మ.

రోప్‌వే ఎక్కి కైలాసగిరి వెళ్ళాం. శివపార్వతుల విగ్రహాలకి దణ్ణం పెట్టుకున్నాక, హార్బరు వైపు వేలు పెట్టి ఓడ చూపించాను.

“అదేట్రా? అగ్గిపెట్టెలా ఉంది. పదకొండు మేడలన్నావు!”

ఓ చెట్టు కింద కేరేజీ విప్పింది. పులిహోర, మాగాయ. ఓడలో అన్ని రకాల తిండి ఉంటుందని ముందే చెప్పాను గానీ ఆవిడ వింటేనా! గంటన్నర అక్కడే కూర్చున్నాం. ఊళ్ళో పెళ్ళిళ్ళు, పొలం గట్టు తగాదా, నా పెళ్ళి – అన్నీ అయ్యాయి. నా పెళ్ళి రెండుసార్లు అయింది, మాటల్లో.

మధ్యాహ్నం రామకృష్ణా బీచి. 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’తో ఈ తీరాన్ని తెలుగువాళ్ళందరికీ పరిచయం చేశాడు. అమ్మకి ఆ సినిమా ఇష్టం లేదు. “ఆళ్ళిద్దర్నీ చంపీసేరు కదరా!” అంటుంది ఇప్పటికీ. అక్కడే ఇసకలో కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారిన జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు. ఓడ ఎక్కించలేకపోయాను, ఇదైనా ఎక్కిద్దామని టిక్కెట్లు తీశాను.

లోపల గుండ్రటి గుమ్మాలు. ఒక్కోటి దాటాలంటే నడుం వంచి, కాలెత్తి దూరాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వెనక్కి పోదామంటే వినదు. చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో, నా భుజం ఓ చేత్తో పట్టుకుని అన్నీ దాటింది. ఒకదాని మీదొకటి ఉన్న పడకల్ని తడిమి చూసింది.

“మీ నాన్నయితే గుమ్మం గుమ్మానికీ తల బాదుకునీవోడు” అని నవ్వింది. బయటికొచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. మురీ మిక్స్చరు కొనిచ్చాను. తింది.

నాలుగున్నరకి కాంప్లెక్సులో తుని బస్సెక్కించి, ఆటోలో రేవుకి వచ్చిపడ్డాను.

ఓడ కదిలింది. రాత్రి తొమ్మిదింటికి డెక్కు మీద ఉండగా ఫోను మోగింది.

“ఎక్కడున్నావురా?”

“మనూరి ఎదురుగానే ఉంటామమ్మా, ఇంచుమించు.”

“డాబా ఎక్కి చూడనా?”

“వద్దమ్మా, మెట్లు, చీకటి...”

“ఎక్కీసేన్రా,” అంది. అంతలో సిగ్నల్ పోయింది. లోపల ఎవరో పాటల పోటీ పెట్టినట్టున్నారు, మైకులో పేర్లు పిలుస్తున్నారు. నేను కుడిపక్క రెయిలింగు వదల్లేదు.