దగ్గు దాచుకున్న కాలం

'క్షయ' అంటే తరుగుదల. దక్షుని శాపంవల్ల చంద్రుడు ఈ వ్యాధితోనే క్షీణించాడని మహాభారతం చెబుతుంది. రోగిని తరిగించివేస్తుంది కనుక రోగానికి ఆ పేరు వచ్చింది. కాని 2020లో మన దేశంలో తరిగింది రోగం కాదు, దాని లెక్క.

క్షయ క్రిమిని కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. అందుకే ఆ తేదీ ప్రపంచ క్షయ దినమయింది. 2020లో సరిగ్గా ఆ రాత్రే దేశంలో లాక్‌డౌన్ ప్రకటితమైంది. 2019లో సుమారు 24 లక్షల మంది క్షయ రోగులు నమోదు కాగా, 2020లో 18 లక్షల మందే నమోదయ్యారు. తక్కిన ఆరు లక్షల మందిలో అత్యధికులు ఇళ్లలోనే దగ్గుతూ ఉండిపోయారన్నమాట!

కోనసీమ అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో భాగం. కోవిడ్ కేసులు అత్యధికంగా నమోదైన జిల్లాలలో అదొకటి. గోదావరి పాయల నడుమ లంక గ్రామంలో ఒక కొబ్బరి దింపు కార్మికుడికి మూడు వారాలుగా దగ్గు, సాయంకాలపు జ్వరం ఉన్నాయనుకుందాం. ఎక్స్‌రేకు అమలాపురమో, రాజోలో, కొత్తపేటో వెళ్లాలి. బస్సులు లేవు, చేతిలో కూలి డబ్బులు లేవు. వీటన్నిటినీ మించినది భయం. దగ్గాడని తెలిస్తే ఇరుగుపొరుగు తలుపులు మూసుకుంటారు, క్వారంటైన్‌కు తీసుకుపోతారు. అందుచేత దగ్గును తువ్వాలులో దాచుకుంటాడు. ధైర్యం చేసి వెళ్లినా, క్షయ పరీక్షకు వాడే ట్రూనాట్ యంత్రాలు ఆ రోజుల్లో కోవిడ్ పరీక్షలకు మళ్లాయి.

క్షయ క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది, కాని ఆగదు. నెలలు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గుల్లబారుతాయి, కఫంలో రక్తం పడుతుంది. చికిత్స పొందని రోగి ఏడాదిలో పది పదిహేనుమందికి వ్యాధిని అంటించగలడు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, శానిటోరియంలో ఉంచినా ఇంటివద్దే మందులిచ్చినా రోగులు ఒకేవిధంగా కోలుకుంటారని నిరూపించింది. ఇల్లే ఆసుపత్రి కాగలదన్నది గొప్ప ఊరట. అయితే ఆ ఇంటికి మందు చేరాలి కదా! రోగమేమిటో తెలియని ఒంటిగది ఇంట్లో భార్యాబిడ్డలు అదే గాలి పీల్చారు.

ప్రపంచంలో పదేళ్లకు పైగా తగ్గుతూ వచ్చిన క్షయ మరణాలు 2020లో పెరిగాయి. 2022లో కోనసీమ వేరు జిల్లా అయింది. ఆ ఏడే దేశంలో నమోదు మళ్లీ 24 లక్షలు దాటింది. ఆలస్యంగా వచ్చినవారికి కూడా మందులు పనిచేస్తాయి. కాని ఊపిరితిత్తులలో మచ్చలు మిగిలితే, వ్యాధి నయమైన తరువాత కూడా కొబ్బరిచెట్టు సగం ఎక్కేసరికే ఆయాసం వస్తుంది.