మాటల పద్దు

మధ్యతరగతి ఇంట్లో పద్దుపుస్తకాలకు కొదవేముంది? పాల పద్దు, కిరాణా పద్దు, చీటీల పద్దు. మా ఇంట్లో వీటికి తోడు మాటల పద్దు ఒకటి చేరింది. అది జర్మను మాటల పద్దు.

పెన్షను పుచ్చుకునే వయస్సులో ఇదేం సరదా అంటారేమో. సరదా కాదండీ, అవసరం. మా మనవడు పుట్టి పెరుగుతున్నది జర్మనీలో. వాడికిప్పుడు ఐదేళ్లు. ఫోనులో "తాతయ్యా!" అని చక్కగానే మొదలుపెడతాడు. బడి సంగతులు చెప్పబోయేసరికి తెలుగు అయిపోతుంది; జర్మను అందుకుంటాడు. వాళ్లమ్మ అర్థం చెబితేగాని నాకు మనవడు బోధపడడు. తాతకూ మనవడికీ నడుమ దుబాసీ ఏమిటి, చోద్యం కాకపోతే! అందుకని నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను.

జర్మనులో ప్రతి నామవాచకానికీ డేర్, డీ, డస్ అని లింగం చెప్పే తలపాగా ఒకటుంటుంది. భోజనాల బల్లమీద చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం! తలపాగాతో సహా రాసుకోకపోతే మాట సగమే వచ్చినట్టు. ఇంతా చేసి, అమ్మాయిని కూడా "డస్ మేడ్‌షెన్" అని నపుంసకంలో చేర్చారు. చివర "షెన్" అనే ముద్దు ప్రత్యయం ఉంటే అంతేనట. మా ఆవిడ ఫక్కున నవ్వింది. "మరి మనం 'అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది' అనడం లేదూ?" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

రాసుకున్నంత మాత్రాన మాట మనదవుతుందా? ఎబింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు అర్థంలేని పొడి అక్షరాలను కంఠస్థం చేసి, ఎప్పటికెంత మరచిపోతున్నాడో తనమీద తానే లెక్కకట్టి 1885లో ప్రకటించాడు. మరపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే ప్రతి మాటనూ మర్నాడు, నాలుగోనాడు, పదోనాడు మళ్లీ చూసి టిక్కు పెడతాను.

మాటలు మాత్రం డిక్షనరీలోంచి ఏరను. వాడి నోటినుంచి రాలినవే రాస్తాను. "హాండ్‌షూ" అంటే చేతి తొడుగు, విడదీస్తే "చేతిజోడు"! మొన్న "ష్మెటర్‌లింగ్" అన్నాడు. "సీతాకోకచిలుక" అన్నాను. ఆ మాట వాడికి తెగ నచ్చింది, మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఇప్పుడు వాడూ ఒక పుస్తకం పెట్టాడు. తెలుగు మాట వాళ్లమ్మ రాస్తుంది, పక్కన బొమ్మ వాడు వేస్తాడు.

నా పుస్తకంలో నాలుగువందల మాటలు పోగయ్యాయి. వాడి దాంట్లో పదకొండు. వాడికేం, బోలెడు కాలం ఉంది. తొందరంతా నాదే.