వూదారంగు వేసవి

కాలిఫోర్నియాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్లని 'ఏం చూశారండీ' అని అడగండి. గోల్డెన్‌ గేట్‌ వంతెన, అల్కట్రాజ్‌ జైలు, మెలికలు తిరిగే లోంబార్డ్‌ వీధి, లివర్‌మోర్‌ గుడి... జాబితా నాలుక చివరే ఉంటుంది. 2025 వేసవిలో అక్కడున్న మాకు మాత్రం ఆ జాబితాలోకి ఇంకోటి చేరింది. అది కొండా కాదు, కోటా కాదు. ఓ ఆటస్థలం. అందులో ఆడేది అప్పుడే పుట్టిన జట్టు. పేరు గోల్డెన్‌ స్టేట్‌ వాల్కిరీస్‌. అమెరికా మహిళల ప్రొఫెషనల్‌ బాస్కెట్‌బాల్‌ లీగ్‌... అదే, డబ్ల్యూఎన్‌బీఏలోకి పదిహేడేళ్ల తర్వాత అడుగుపెట్టిన కొత్త జట్టు అది.

మా అమ్మాయి ఉండేది సనీవేల్‌లో. అక్కడ కాల్‌ట్రెయిన్‌ ఎక్కితే గంటకి కాస్త అటూ ఇటూగా శాన్‌ఫ్రాన్సిస్కో. 2024 నుంచీ కరెంటు రైళ్లు వచ్చాయి, చప్పుడే లేదు. జూన్‌ 7, శనివారం. మౌంటెన్‌వ్యూ, పాలో ఆల్టో, రెడ్‌వుడ్‌ సిటీ... స్టేషన్లు దాటుతున్న కొద్దీ పెట్టె రంగు మారిపోతోంది. ఎక్కినవాళ్లలో సగంమంది వూదారంగు చొక్కాలే! మనవరాళ్లని వెంటేసుకొచ్చిన అమ్మమ్మలు, జట్టుగా వచ్చిన స్కూలు పిల్లలు, జెండాల్లాంటి తువ్వాళ్లు కప్పుకున్న కాలేజీ అమ్మాయిలు. బయటి తిండి లోపలికి రానివ్వరని అమ్మాయి ముందే చెప్పింది. మా పులిహోర డబ్బా మిల్‌బ్రే దాటకముందే ఖాళీ. టిక్కెట్టు ఎంతని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. రూపాయల్లోకి మార్చుకుంటే ఆట చూడలేమని తనకి తెలుసు.

రైలు ఆగిపోయేది నాలుగో వీధి, కింగ్‌ వీధి కలిసేచోట. అక్కణ్నుంచి టి లైను ట్రాము ఎక్కొచ్చు. ఇరవై నిమిషాలు నడిచినా సరే. మిషన్‌బే అనే ఈ పేట ఒకప్పుడు రైల్వే యార్డుల దిబ్బ. ఇప్పుడు ఓ పక్క యూనివర్సిటీ ఆసుపత్రి, మరోపక్క సముద్రపు పాయ, మధ్యలో 2019లో తెరిచిన ఛేజ్‌ సెంటర్‌. ముంగిట్లో మనిషికి రెండున్నర రెట్లుండే అద్దాల గోళాలు అయిదు గుండ్రంగా నిలబెట్టి ఉంటాయి. ఓలాఫర్‌ ఎలియాసన్‌ అనే కళాకారుడు చేసినవి. ఒకదాంట్లో ఒకటి కనబడుతూ, ఆ వూదాచొక్కాల గుంపుని పదింతలు చేసి చూపిస్తున్నాయి. అందరూ అక్కడ ఆగి ఫొటో తీసుకోవాల్సిందే. మేమూ తీసుకున్నాం.

పేరు సంగతి చెప్పాలి. ఇదే హాల్లో ఆడే మగవాళ్ల జట్టు పేరు వారియర్స్‌, అంటే యోధులు. ఇద్దరి యజమానీ ఒక్కరే. వాల్కిరీలంటే ఉత్తర యూరప్‌ పురాణాల్లో యుద్ధభూమి మీద ఎగురుతూ, పడిపోయిన వీరుల్లో యోగ్యుల్ని ఎంచి 'వల్హల్లా'కి తీసుకెళ్లే కన్యలు. మనకిది కొత్తేం కాదు. పల్నాడులోనో రాయలసీమలోనో వూరి పొలిమేరన ఉండే వీరగల్లుల్ని చూడండి. కింది అంతస్తులో యుద్ధం, పైఅంతస్తులో వీరుణ్ని చెరో రెక్కా పట్టుకుని స్వర్గానికి తీసుకెళ్తున్న అప్సరసలు. అదే కథ! అభిమానులు ఛేజ్‌ సెంటర్‌కి 'బాల్‌హల్లా' అని పేరు పెట్టేసుకున్నారు. తెలుగులో చెప్పాలంటే 'బంతిస్వర్గం' అనాలేమో.

లోపలికి వెళ్లాక అర్థమైంది, ఆ పేరు వూరికే పెట్టలేదని. కుర్చీలు 18,064. ఒక్కటీ ఖాళీ లేదు. ఎదుటి జట్టు లాస్‌వెగాస్‌ ఏసెస్‌. 2022, 2023ల్లో వరసగా ఛాంపియన్లు. అలాంటివాళ్లని ఈ పసికూనలు 95-68తో చిత్తుచేశారు. ఆట నియమాలు సగం తెలియని మా ఆవిడ కూడా మూడో క్వార్టర్‌కల్లా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. అన్నట్టు, వాల్కిరీస్‌ కోచ్‌ నటలీ నకాసే అంతకుముందు మూడేళ్లు ఆ ఏసెస్‌ దగ్గరే అసిస్టెంటుగా పనిచేసింది. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. గీత పక్కన ఆరడుగుల ఆటగత్తెల మధ్య నిలబడితే వెతుక్కోవాలి. జపాన్‌ మూలాలున్న కాలిఫోర్నియా అమ్మాయి. జపాన్‌లో మగవాళ్ల ప్రొఫెషనల్‌ జట్టుకి కోచ్‌గా చేసింది. తర్వాత లాస్‌ఏంజెలెస్‌ క్లిప్పర్స్‌ దగ్గర వీడియోలు కత్తిరించే చిరుద్యోగంతో మొదలుపెట్టింది. డబ్ల్యూఎన్‌బీఏలో హెడ్‌కోచ్‌ అయిన తొలి ఆసియా అమెరికన్‌ తనే.

అసలు ఈ జట్టు ఎలా తయారైందో తెలిస్తే ఆ 95-68 విలువ తెలుస్తుంది. కొత్త జట్టు వస్తే పాతజట్లన్నీ తలా కొంత ఇచ్చుకోవాలి. కానీ ఎవరిస్తారు మంచివాళ్లని? 2024 డిసెంబరు 6న జరిగిన పంపకాల్లో ఉన్న పన్నెండు జట్లూ ఆరుగురేసి చొప్పున తమవాళ్లని అట్టేపెట్టుకున్నాయి. మిగిలినవాళ్లలోంచి జట్టుకొకర్ని వాల్కిరీస్‌ ఏరుకోవచ్చు. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు వెండి సామానంతా పెద్దకోడళ్ల బీరువాల్లోకి వెళ్లిపోయాక కొత్త కోడలికి మిగిలే గిన్నెల్లాంటి వ్యవహారం. అలా పదకొండుమందిని తీసుకున్నారు. ఒక జట్టు నుంచి ఎవర్నీ తీసుకోలేదు.

ఆ మిగిలిన గిన్నెల్లో ఒకరు వెరోనికా బర్టన్‌. 2024 సీజన్‌ మొదలవకముందే డల్లాస్‌ ఆమెని వదిలేసింది. కనెటికట్‌ చేరదీసినా బెంచీకే పరిమితం, సగటున ఆటకి మూడు పాయింట్లు. వాల్కిరీస్‌లో బంతి ఆమె చేతికిచ్చారు. సగటు దాదాపు పన్నెండుకి వెళ్లింది. సీజన్‌ చివర్లో లీగ్‌ మొత్తంలో 'బాగా మెరుగుపడిన క్రీడాకారిణి' అవార్డు ఆమెదే. ఇంకొకరు కేలా థార్న్‌టన్‌. కాలేజీ అయ్యాక డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ పిలవని అమ్మాయి. 32 ఏళ్ల వయసులో వాల్కిరీస్‌ తరఫున తొలి ఆల్‌స్టార్‌ అయింది. ఆ సంబరం వారం కూడా నిలవలేదు. జులైలో ప్రాక్టీసులో మోకాలు దెబ్బతిని సీజన్‌కే దూరమైంది. అక్కడితో ఈ జట్టు పని అయిపోయిందనుకున్నారంతా.

అంతకుముందు జూన్‌లో ఇంకో చిక్కు. జట్టులో యూరప్‌ వాళ్లెక్కువ. ఇటలీ, ఫ్రాన్స్‌, బ్రిటన్‌, బెల్జియం తరఫున ఆడేవాళ్లు యూరప్‌ ఛాంపియన్‌షిప్‌కి వెళ్లిపోయారు. సగం సంసారం పెళ్లికి తరలిపోయిన ఇల్లులా అయింది. అప్పటికప్పుడు దొరికినవాళ్లతో ఆడించారు. బెల్జియంకి కప్పు గెలిపించి తిరిగొచ్చిన జూలీ వాన్‌లూని వచ్చీరాగానే జట్టులోంచి తప్పించారు. లెక్కలు వాళ్లకుంటాయి, నిజమే. నాకైతే మింగుడుపడలేదు.

మే 16న మొదటి ఆట లాస్‌ఏంజెలెస్‌ స్పార్క్స్‌ చేతిలో 84-67తో ఓటమి. 21న వాషింగ్టన్‌ మీద 76-74తో తొలి గెలుపు. అక్కణ్నుంచి పడుతూ లేస్తూ 44 ఆటల్లో 23 నెగ్గారు. అంతకుముందు లీగ్‌లోకి వచ్చిన కొత్త జట్టు, 2008 నాటి అట్లాంటా డ్రీమ్‌, తొలి ఏడాది 34 ఆడితే గెలిచినవి నాలుగే! సెప్టెంబరు 4న డల్లాస్‌ని ఓడించడంతో వాల్కిరీస్‌ ప్లేఆఫ్స్‌కి చేరారు. లీగ్‌లోకి కొత్తగా చేర్చుకున్న జట్లలో తొలి ఏడాదే అంతదూరం వెళ్లింది డబ్ల్యూఎన్‌బీఏ చరిత్రలో అంతకుముందు లేదు. నకాసే ఆ ఏడాది ఉత్తమ కోచ్‌ అయింది. సొంతగడ్డ మీద 22 ఆటలు, ఇరవైరెండూ హౌస్‌ఫుల్లే. లెక్కవేస్తే 3,97,408 మంది.

ఈ జనం ఆకాశం నుంచి వూడిపడలేదు. ఈ వూరికి ఈ ఆటతో పాత బంధం ఉంది. 1896 ఏప్రిల్‌ 4న ఇదే శాన్‌ఫ్రాన్సిస్కోలో, పేజ్‌ వీధిలోని ఆయుధశాల హాల్లో స్టాన్‌ఫర్డ్‌, బర్క్‌లీ అమ్మాయిలు బాస్కెట్‌బాల్‌ ఆడారు. ఆట పుట్టి అప్పటికి అయిదేళ్లు కూడా కాలేదు. రెండు కాలేజీల మహిళా జట్ల మధ్య జరిగిన తొలి పోటీగా దాన్నే చెబుతారు. స్టాన్‌ఫర్డ్‌ గెలిచింది. స్కోరెంతనుకున్నారు? 2-1! మగవాళ్లకి లోపలికి ప్రవేశం లేదు. చూడ్డానికొచ్చిన వందలమందీ ఆడవాళ్లే.

తర్వాత మాత్రం బోలెడు నిరాశలు. 1996లో శాన్‌హోసేలో లేజర్స్‌ అని ఓ మహిళా జట్టు పెట్టారు. 1998 డిసెంబరులో ఆ లీగే సీజన్‌ మధ్యలో దివాలా తీసింది. రెండు గంటల దూరంలోని శాక్రమెంటోలో మోనార్క్స్‌ 2005లో ఏకంగా ఛాంపియన్లయ్యారు. అయినా 2009లో మూసేశారు. మా పక్కసీటులో కూర్చున్న పెద్దావిడ మోనార్క్స్‌ టోపీ పెట్టుకొచ్చింది. అది పాతబడి వెలిసిపోయింది. కొత్త చొక్కా, పాత టోపీ. నేను చూస్తున్నానని గమనించి, టోపీని వేలితో తట్టి నవ్వింది.

డబ్బు సంగతి? లీగ్‌లో చేరడానికి యజమానులు కట్టిన రుసుము 5 కోట్ల డాలర్లు. తొలి సీజన్‌లోనే దాని విలువని వ్యాపార పత్రికలు 50 కోట్ల డాలర్లుగా కట్టాయి. మరి ఆడేవాళ్లకి? 2025లో లీగ్‌లో కనీస జీతం ఏడాదికి 66,079 డాలర్లు. పెద్ద పెద్ద స్టార్లకి కూడా అప్పట్లో 2,49,244 దాటేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 66 వేలతో బతకడం ఎంత కష్టమో మా అమ్మాయి ఇంటద్దె విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ జులైలో ఇండియానాపొలిస్‌లో జరిగిన ఆల్‌స్టార్‌ ఆటకి ముందు క్రీడాకారిణులంతా 'మాకు ఇవ్వాల్సింది ఇవ్వండి' అనే అర్థం వచ్చే రాతలున్న చొక్కాలు వేసుకుని వచ్చారు.

ఇక సెప్టెంబరు. మొదటి రౌండులో ప్రత్యర్థి మినెసోటా లింక్స్‌, లీగ్‌లో అగ్రస్థానం. తొలి ఆట మినియాపొలిస్‌లో 101-72తో పోయింది. రెండోది సొంతింట్లో ఆడాలి. కానీ సొంతిల్లేది? ఛేజ్‌ సెంటర్‌ని లేవర్‌ కప్‌ టెన్నిస్‌కి ఎప్పుడో ఇచ్చేశారు. మొదటి ఏడాదే ఈ అమ్మాయిలు ప్లేఆఫ్స్‌ దాకా వస్తారని ఎవరనుకున్నారు కనక! ఇరవైరెండుసార్లు ఇల్లు నింపినవాళ్లు, అసలు పండగనాడు మూటాముల్లె సర్దుకుని శాన్‌హోసే వెళ్లాల్సి వచ్చింది. లేజర్స్‌ పుట్టి పోయిన వూరికే.

మాకు మాత్రం కలిసొచ్చింది. అదే కాల్‌ట్రెయిన్‌, ఈసారి దక్షిణం వైపు. పావుగంటలో డిరిడాన్‌ స్టేషన్‌, దిగితే ఎదురుగానే శాప్‌ సెంటర్‌. ఐస్‌హాకీ ఆడుకునే చోటు. సెప్టెంబరు 17, బుధవారం. పనిరోజు, పరాయి హాలు, ఉన్నట్టుండి మారిన వేదిక. అయినా 18 వేలమందికి పైగా వచ్చారు. ఒక దశలో వాల్కిరీస్‌ 17 పాయింట్ల ముందున్నారు. హాలు వూగిపోతోంది. తర్వాత లింక్స్‌ ఒక్కో పాయింటూ లాగేసుకుంటూ వచ్చారు. చివరి క్షణాల్లో మా ఆవిడ కళ్లు మూసుకుంది. 75-74. ఒకే ఒక్క పాయింటు. సీజన్‌ అయిపోయింది.

ఎవరూ లేవలేదు. ఓడిన జట్టు గీత దగ్గర నిలబడి ఉంటే, చాలాసేపు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఈసారి పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకి ఓ మాట. సీజన్‌ మే నెలలో మొదలవుతుంది. టిక్కెట్లు నెలముందే చూసుకోవడం మంచిది, పదివేలకి పైగా సీట్లు తొలి ఏడాదే సీజన్‌ టిక్కెట్లుగా అమ్ముడుపోయిన జట్టిది. పార్కింగు జోలికి పోకుండా రైల్లో వెళ్లండి. అద్దాల గోళాల దగ్గర ఫొటో వెలుగున్నప్పుడే తీసుకోండి. జులై అయినా సరే, స్వెటర్‌ మరచిపోవద్దు. ఆట అయి బయటికొచ్చేసరికి పాయ మీంచి వచ్చే గాలి వణికించేస్తుంది.