మనోవికాస్ నగర్‌లో ఒక పూర్వాహ్ణము

చివ్వెంలలో మా యింటికి పరామర్శకు వచ్చినవారందఱు ననిన మాట యొక్కటే: "పిల్లగాని తలకాయల నీరు వట్టిందట." ఏడు నెలలకే జన్మించిన మా కుమారుడు, ఏడాదిన్నర నిండినను కాళ్లు బిగియగట్టుకొని మునివేళ్లపైననే నిలుచుచుండుటచే, ఎమ్మారై తీయించితిమి, మెదడులోని నీటిగదులు పెద్దవైనవని రిపోర్టులో నుండెను. మా యమ్మ దురాజ్‌పల్లి లింగమంతుల స్వామికి మ్రొక్కుకొనెను. నేను ఫిల్ముల సంచితో, భార్యాబిడ్డలతో, సూర్యాపేటలో బస్సెక్కితిని.

సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ 1984లో బుద్ధిమాంద్యము గలవారి కొఱకు నెలకొల్పబడినదని యెఱిగియుండుటచే, ద్వారముకడ నా భార్య అడుగు తడబడెను. లోపలి వైద్యురాలు మాత్రము సంచి తెఱవనేలేదు. బిడ్డను చాపపై కూర్చుండబెట్టి, చేతికొక గిలక నిచ్చి, మడమను మెల్లగా పైకి వంచి, టేపుతో తల చుట్టుకొలత తీసి, పాత చీటీలలోని అంకెలతో సరిచూచిన పిమ్మటనే ఫిల్మును దీపపుపెట్టెకు తగిలించి, పెన్సిలుమొనతో నొక తెల్లని గది యంచును చూపెను. ఆ యంచు వంకరలు తిరిగియుండెను. నీరు పెరిగి ఒత్తిడి కలిగించినచో గది బుడగవలె గుండ్రముగా నుబ్బును, తలయు మితిమీఱి పెరుగును. ఇచట ప్రక్కనున్న నాడీతంతువులు పుట్టుక నాటికే దెబ్బతిని క్షీణింపగా, ఖాళీయైన చోటును నీరు నింపినదని యామె వివరించెను. ఇంటిలో మేము భయపడిన నీరు రోగము కాదు, జరిగిపోయిన నష్టమునకు గుర్తు! కాళ్లను నడపు తంతువులు ఆ గదుల కత్యంతసమీపమున పోవుననియు, చేతులకు పోవునవి కొంత యెడముగా నుండుననియు వినినప్పుడు, వాడు బఠాణీగింజ నేఱుకొనగలుగుటయు, అడుగు వేయజాలకుండుటయు నాకు ఒక్కసారిగా నర్థమయ్యెను. బిడ్డను చూడక చదివిన రిపోర్టు తలిదండ్రులకు భయమునే గాని జ్ఞానము నీయజాలదని నా దృఢవిశ్వాసము.

"ఇది ఇంకా పెరుగుతదా, మేడం?" అని నా భార్య యడిగెను.

"గాయం పెరగదమ్మా. బాబు పెరుగుతాడు, ఎముకతో సమానంగా బిగుసుకున్న కండరం పెరగదు. మన పనంతా అక్కడే."

రెండేండ్లలోపల ఆధారము లేక కూర్చుండగల యిట్టి బిడ్డలలో పెక్కుమంది, ఊతముతోనైనను, నడకకు వత్తురట. మావాడు కూర్చుండియే యున్నాడు. తుంటికీలు తొలగుచున్నదేమో యని యప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించుట మఱువరాదని హెచ్చరించి, యామె మమ్ము ఫిజియోథెరపీ గదికి పంపెను. అచట నా భార్య బిడ్డ మడమ పట్టి వంచుచుండగా, శిక్షకురాలు ఆమె రెండవచేతిని తీసి మోకాలిపై నుంచి, "ఇది లేవనీయకక్కా, మళ్లీ పట్టు" అనెను.