పిప్పి పన్ను పాఠం

మూడేళ్ళ క్రితం చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నీ పిప్పి పన్ను ఇంకా అలాగే ఉందా?" ప్రేమతో కాదు, కోటా కోసం. అప్పుడు తను బీడీఎస్ మూడో సంవత్సరం. ఏడాది తిరిగేలోపు ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని పళ్ళు పీకడాలు అని లెక్క చూపించాలి. పేషెంట్లు దొరక్కపోతే అన్నయ్యలున్నారు కదా.

అంతకుముందు మైనం దిమ్మల్లో పళ్ళు చెక్కారు. తర్వాత ఫాంటమ్ హెడ్ మీద, అంటే నోట్లో ప్లాస్టిక్ పళ్ళున్న బొమ్మ తల మీద, డ్రిల్లింగ్ నేర్చుకున్నారు. ఆ బొమ్మకి లాలాజలం ఊరదు, నాలుక అడ్డం రాదు, భయం వేయదు. నాకు ఆ మూడూ ఉన్నాయి.

మా ఉద్యోగంలో టెస్ట్ సర్వర్ ఉంటుంది. ఏదైనా పాడైతే పాత వెర్షన్‌కి వెళ్ళిపోతాం. పంటి మీది ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం, కానీ ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. అక్కడ అన్‌డూ లేదు.

నాది పై దవడ పన్ను. నేరుగా కనపడదు, చిన్న అద్దంలో చూస్తూ తొలచాలి. అద్దంలో ముందు వెనకవుతుంది. ఇది క్లాసులో చెప్తే వచ్చేది కాదు, చేతికి అలవాటు కావాలి.

హాలు నిండా కుర్చీలు, ఒక్కరే మేడమ్. ప్రతి దశలో ఆవిడ చూసి సరేనంటేనే ముందుకెళ్ళాలి. నేను నోరు తెరుచుకుని ఎదురుచూశాను. ఆవిడ వచ్చి, సన్నటి కొక్కెంతో తడిమి, "ఇంకా పిప్పి ఉంది, తియ్యి" అన్నారు. చెల్లి చెయ్యి వణికింది. "మీరు చేస్తారా మేడమ్?"

అవునంటే బావుండని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ అనలేదు. "ఉంగరం వేలు పక్క పన్ను మీద ఆనించు. ఇప్పుడు నెమ్మదిగా." వణుకు ఆగింది.

పక్క కుర్చీలో, తెల్లారకముందే ఊర్నుంచి బస్సెక్కి వచ్చిన ఒక ముసలమ్మ. అక్కడ మేడమ్ మాట్లాడకుండా కుర్రాడి చేతిలోంచి ఎయిరోటర్ తీసేసుకున్నారు. నరం దగ్గరపడిందట. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె పన్ను దక్కింది, అతని పాఠం సగంలో ఆగింది.

నేను తెలిసే వచ్చాను. ఆ ముసలమ్మ చదువుకునే పిల్లాడి చేతికి పన్ను అప్పగించడానికి రాలేదు, బయట డాక్టరుకిచ్చే డబ్బుల్లేక వచ్చింది. ప్రతి డాక్టరుకీ ఎవరో ఒకరు మొదటి పేషెంటు కావాలి. అది ఎప్పుడూ ఇలాంటివాళ్ళే కావడం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

ఇప్పుడు చెల్లి ప్రాక్టీసు చేస్తోంది. ఆ ఫిల్లింగ్ గట్టిగానే ఉంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు తడబడుతుంటే కీబోర్డు లాక్కోబోయి ఆగుతుంటాను. నేను ఆగితే పోయేది ఒక గంట. మేడమ్ ఆగితే ఒకరి పన్ను. ఆగకపోతే, రేపెప్పుడో ఇంకొకరిది.